పలక మీద ఎడమచేతి గీతలు

నేను భోజనం చేసి వచ్చేసరికి నా గిటారుకు చిల్లు పడి ఉంది.

శుక్రవారం మధ్యాహ్నం మా వీధిలో ఏ కార్ఖానా తెరిచి ఉండదు. చెరువుల్లో కార్ప్ చేప పట్టే నెలల్లో వీధి చివర పూటకూటింట్లో బల్లలన్నీ మావాళ్ళవే. గిటార్లు చేసేవాళ్ళు ఒక మూల, ఫిడేళ్ళవాళ్ళు ఒక మూల. మా అందరి పెద్దలూ యుద్ధం అయ్యాక సరిహద్దు అవతలి బొహీమియా నుంచి మూటాముల్లే సర్దుకుని ఈ ఫ్రాంకోనియా ఊరికి వచ్చి పడ్డవాళ్ళే. యాభై ఏళ్ళయినా చేప ముక్క దగ్గర మాత్రం పాత ఊరి గొడవలే మాట్లాడుకుంటారు. మా మేస్త్రి ఒక్క శుక్రవారం కూడా తప్పేవాడు కాదు. ఆ రోజు కడుపు బాగాలేదని ఆగిపోయాడు. నాకు అప్పుడే అనుమానం రావలసింది. రాలేదు, నా బుద్ధి గడ్డి తిన్నది.

ఆయన పేరు అలోయిస్ హ్యూలర్. డెబ్భై ఒకటి నిండాయి. పదిహేడేళ్ళ వయసులో ఆయన దగ్గర పనికి చేరాను, ఇప్పుడు నాకు ముప్ఫై ఆరు. ఇన్నేళ్ళు చేసినా మేస్త్రి పరీక్ష ప్యాసయితే తప్ప మా దగ్గర సొంత కార్ఖానా పెట్టుకోనివ్వరు. ఆ పరీక్షకు ఒక వాద్యం మొత్తం మన చేతులతోనే చేసి తీసుకెళ్ళాలి. మరొకరి చెయ్యి పడలేదని మనమూ సంతకం పెట్టాలి, మన మేస్త్రీ పెట్టాలి. పడిందని తేలితే ఆ వాద్యం చెల్లదు, మళ్ళీ ఏడాది ఆగాల్సిందే. నా పరీక్ష మూడు వారాల్లో ఉంది. గిటారుకు లక్క పాలిష్ ఒక్కటే మిగిలింది.

పరీక్షకు నేను మామూలు గిటారు చెయ్యలేదు. మామూలు గిటారు పై పలక ఒకటే పొర, రెండున్నర మిల్లీమీటర్ల స్ప్రూస్ చెక్క. తీగలు బిగించాక దాన్ని వేలితో తట్టి వింటూ, అంచుల్లో పదును రేకుతో కొద్దికొద్దిగా గీకితే గొంతు విచ్చుకుంటుంది. నా పలకకు పైనొక పొర, కిందొక పొర, ఒక్కొక్కటి అర మిల్లీమీటరు పైన ఇంకాస్త, అంతే. మధ్యలో తేనెపట్టులా గళ్ళుగళ్ళుగా ఉండే గట్టి కాగితం. మూడింటికీ జిగురు పూసి, సంచిలో పెట్టి, గాలి పీల్చేసి అతికిస్తారు. మా దేశంలోనే ఇద్దరో ముగ్గురో మొదలుపెట్టిన పద్ధతి. పలక తేలికగా ఉంటుంది, చివరి వరుసలో కూర్చున్నవాడికి కూడా మోత అందుతుంది. రెండు చలికాలాల్లో నాలుగు పలకలు పాడుచేసుకుంటే ఐదోది కుదిరింది. ఒకసారి అతికాక దాని మీద రేకు పెట్టకూడదు. గీకడానికి అక్కడ చెక్కే ఉండదు.

ఈ సంగతి మేస్త్రికి మూడుసార్లు చెప్పాను. మూడుసార్లూ బుర్ర ఊపాడు.

మా కార్ఖానాలో ఒక ఆనవాయితీ ఉంది. ఎవరు చేసిన గిటారైనా సరే, పాలిష్‌కు వెళ్ళేముందు ఆఖరి గీకుడు ఆయనదే. పలకను తట్టి, తల పక్కకు వాల్చి, ఎడంచేత్తో రేకు పట్టుకుని నాలుగు గీతలు గీస్తే గాని అది హ్యూలర్ గిటారు కాదు. పరీక్ష గిటారుకు ఆ ఆనవాయితీ వర్తించదని ఎవరికైనా తెలుసు. ఆయనకూ తెలుసు.

నేను వెళ్ళేసరికి ఆయన నా బల్ల దగ్గర, నా ముక్కాలి పీట మీద కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో నా గిటారు. పలక కింది అంచులో, ఎడమ పక్కన, బొటనవేలి గోరంత చిల్లు. అందులోంచి కాగితపు గళ్ళు కనిపిస్తున్నాయి.

"నీ పలక మూగగా ఉందే అమ్మాయ్, కాస్త తీశాను," అన్నాడు. "లోపల ఈ కాగితం ఏమిటి?"

అరికాలి మంట నెత్తికెక్కింది. ఏమన్నానో వరస గుర్తులేదు. నా పీట మీంచి లేవమన్నాను. రేకు కింద పెట్టమన్నాను. పంతొమ్మిదేళ్ళలో ఆయనతో అలా మాట్లాడటం అదే మొదటిసారి. ఆయనకు మాత్రం చీమ కుట్టినట్టయినా లేదు. దీనికింత గొడవ దేనికి, అతుకు వేస్తే సరిపోతుంది, నలభై ఏళ్ళుగా వేస్తున్నాను, నేను వేసిన అతుకు దేవుడికి కూడా కనపడదు అన్నాడు. సొరుగులోంచి పరీక్ష కాగితం తీసి, మరొకరి చెయ్యి పడలేదన్న మాట కింద తాపీగా సంతకం పెట్టి, ఇంట్లోకి వెళ్ళి పడుకున్నాడు. ఆయన గురక కార్ఖానాలోకి వినిపించింది.

నా పలక మూగది కాదు. అది మోగే మోత పైస్థాయిలో ఉంటుంది, ఆయన చెవులకు అందనిది ఆ పైస్థాయే. ఎనిమిదేళ్ళయింది ఆయనకు పైస్వరాలు వినపడక. మొదట కనిపెట్టింది నేనే. బాగున్న పలకలను మందంగా ఉన్నాయంటూ గీకి గీకి పల్చన చేసేవాడు. రెండేళ్ళు తిరక్కుండానే అవి మధ్యలో లోపలికి కుంగి మరమ్మతుకు తిరిగొచ్చేవి. నేను లోపల పలకకు ఆనుగా కొత్త కర్రలు వేసి, పైకి నవ్వుతూ, గిరాకీలకు చలి వల్ల అయిందని చెప్పి పంపేదాన్ని. ఎన్ని గిటార్లో లెక్కలేదు. హ్యూలర్ పేరు ఇంకా నిలబడి ఉందంటే నా అబద్ధాల మీద నిలబడింది.

ఆ మాట ఇంకొకళ్ళకు తెలిస్తే ఆయన భార్య హెడ్విగ్‌కే. చెప్పవద్దని ఎనిమిదేళ్ళ కిందట నా చెయ్యి పట్టుకుని బతిమాలింది ఆవిడే. అందుకని తిన్నగా ఆవిడ వంటింట్లోకే వెళ్ళాను. ప్లమ్ పళ్ళు పొదిగిన పిండి ఉండలు చేస్తోంది. కూర్చోమంది, నేను కూర్చోలేదు. మీ ఆయన నా రెండేళ్ళ కష్టాన్ని అరగంటలో నాశనం చేశాడన్నాను. పిండి చేతులతోనే కుర్చీలో కూలబడింది.

"నువ్వు చెప్పలేదా, దాన్ని గీకకూడదని?"

"మూడుసార్లు చెప్పానక్కా."

"గట్టిగా చెప్పావా?"

గట్టిగా చెప్పలేదు. మామూలుగానే చెప్పాను, పక్క బల్ల మీద ఇంకో ఇద్దరు పనివాళ్ళుంటే. వాళ్ళ ముందు గొంతు పెంచితే ఆయనకు మామూలు మాట కూడా సరిగ్గా వినపడదన్న సంగతి బయటపడుతుందని, అలవాటు కొద్దీ అందరితో మాట్లాడినట్టే మాట్లాడాను. ఆయనా అలవాటు కొద్దీ, వినపడని మాటకు ఊపినట్టే బుర్ర ఊపాడు. మూడుసార్లూ అంతే. ఆయన మీద ఎంత మండిపడ్డానో నా మీద నాకు అంతకు రెండింతలు మండింది.

హెడ్విగ్ ఏడ్చింది. చెయ్యి జారిందని నువ్వే చెప్పు రోస్వీటా, జారిన చేతికి మార్కులు తగ్గిస్తారు, పరీక్ష పోదు, అది ఆయన చేతి పనని చెబితే నీ గిటారూ చెల్లదు, ఆయన పరువూ దక్కదు, ఇద్దరూ మునుగుతారు అంది. ఆ లెక్క తప్పని అనలేకపోయాను. అదే ఇంకా ఒళ్ళు మండించింది.

నేనే అతుకు వేశాను. ఆయన్ని వెయ్యనివ్వలేదు. అర మిల్లీమీటరు స్ప్రూస్, చెక్క చారకు చార కలిసేలా. మూడు వారాలు పాలిష్ పట్టాను, పళ్ళు బిగబట్టుకుని. ఆయనతో పని మాటలు తప్ప ఇంకేమీ మాట్లాడలేదు. ఆయన అది గమనించలేదు కూడా. కాగితం మీద ఆయన సంతకం కింద నా సంతకం పెట్టాను. నా పేరు అంత వంకరగా నేనెప్పుడూ రాయలేదు.

పరీక్ష చేతివృత్తుల సంఘం భవనంలో. పెద్ద బల్ల, దాని వెనక ముగ్గురు. మధ్యలో ఎర్విన్ డోట్స్, కుర్రతనంలో మా మేస్త్రి పక్క బల్ల మీదే పని నేర్చుకున్నవాడు. మేస్త్రి గోడ వారన కుర్చీలో, పెళ్ళివారింటికి వచ్చినట్టు కోటు తొడుక్కుని కూర్చున్నాడు.

డోట్స్ గిటారు ఒళ్ళోకి తీసుకుని కింది తీగ మీద పన్నెండో మెట్టు దాటి పైపైకి వెళ్ళాడు. ఒక్కొక్క స్వరం గది చివర దాకా వెళ్ళి నిలబడింది. పక్కాయన రాస్తున్న కలం ఆపేశాడు. డోట్స్ మళ్ళీ వాయించాడు, ఈసారి కళ్ళు మూసుకుని. నేను మేస్త్రి ముఖం చూశాను. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు, వాయించడం ఇంకా మొదలుకానట్టు.

తరవాత డోట్స్ పలకను కిటికీ వెలుతురుకు ఏటవాలుగా పట్టుకున్నాడు. అతుకు మీద కాదు, దాని చుట్టూ బొటనవేలు ఆడించాడు. గీకిన జాడ పాలిష్ కింద కూడా దాగదు. కుడిచేతివాడి గీతలు ఒక పక్కకు వాలితే ఎడంచేతివాడివి రెండో పక్కకు వాలుతాయి.

"రోస్వీటా, నువ్వు కుడిచేతి మనిషివి కదా. ఇది ఎవరి చెయ్యి?" అన్నాడు, గది అంతా వినపడేటట్టు.

చెయ్యి జారిందన్నాను. జారిన చెయ్యి అటు నుంచి ఎలా జారిందని అడిగాడు. ఇంకో అబద్ధం కూడా సిద్ధం చేసుకున్నాను, గిటారు తిప్పి పట్టుకుని గీకానని. చెప్పేసి ఉండేదాన్ని. ఎనిమిదేళ్ళ అలవాటు.

అప్పుడు మేస్త్రి కుర్చీలోంచి కల్పించుకున్నాడు. నన్ను కాపాడుతున్నాననే అనుకున్నాడు, ఆ సంగతి ఇప్పటికీ నమ్ముతాను.

"ఎర్విన్, పిల్లను మరీ గుచ్చకు. దాని చేతులు బంగారం. చెవే లేదు. పలక మందం పోల్చుకోలేక గీకేసుకుంది. చెవి ఒకరు ఇస్తే వచ్చేది కాదు గదా."

ముగ్గురూ నావైపు జాలిగా చూశారు. ఆ జాలి చూశాక నాలో ఏదో తెగిపోయింది.

"చెవి లేనిది నాకు కాదు," అన్నాను.

మేస్త్రి నవ్వుతూ అరచెయ్యి చెవికి ఆన్చాడు. "ఏమంటున్నావమ్మాయ్?"

ఎనిమిదేళ్ళుగా ఆ ప్రశ్నకు నా జవాబు ఒక్కటే: ఏం లేదు మేస్త్రి గారూ. అదే అంటానని ఆయన ఎదురుచూస్తున్నాడు. అది అంటే నాకు మేస్త్రి పత్రం వస్తుంది, చెవి లేని మేస్త్రిగా. అనకపోతే గిటారు పోతుంది, సంతకాలు అబద్ధమని తేలుతుంది, ఇంకో ఏడాది పోతుంది, ఇంకో పలక చెయ్యాలి. హెడ్విగ్ ముఖం ఎలా చూడాలో కూడా తెలియదు.

బల్ల చుట్టూ తిరిగి వెళ్ళి ఆయన ఎదురుగా, ముఖానికి ముఖం పెట్టి నిలబడ్డాను. బయట వరండాలో ఉన్నవాళ్ళకు కూడా వినపడేంత గొంతుతో చెప్పాను.

"మీకు వినపడదు మేస్త్రి గారూ. ఎనిమిదేళ్ళుగా వినపడటం లేదు. ఆ చిల్లు మీ చేతిది."

ఈసారి ఆయనకు వినపడింది. చెవి దగ్గరున్న చెయ్యి మెల్లగా కిందికి దిగింది.