వాన బల్ల దగ్గర ఆరుగురు

ముప్పై ఆరో కాగితం కూడా చదవడం ముగించి ఇన్‌స్పెక్టరు కళ్ళజోడు తీశాడు.

"ఇదీ అంతే."

సైన్స్ టీచరు ఆ కాగితం మీదికి వంగి చూసింది. పొద్దుటి నుంచీ విడవని పొగమంచు కిటికీల్లోంచి తరగతి గదిలోకి జారి, బల్లల కాళ్ళ దగ్గర మీగడలా తేలుతోంది. నాలుగడుగుల దూరంలో ఉన్న నల్లబల్ల ఏదో అవతలి ఒడ్డున ఉన్నట్టుంది. మాటలు కూడా నీళ్ళలోంచి వస్తున్నట్టే ఉన్నాయి.

"ఐదో ప్రశ్న. వాన ఎలా కురుస్తుంది?" ఇన్‌స్పెక్టరు కాగితాల కట్ట మీద వేలితో తట్టాడు. "ముప్పై ఆరుగురూ ఒకే తప్పు రాశారు. అక్షరం పొల్లుపోకుండా. వినండి. 'పాపం, మేఘం మాత్రం ఎంతసేపని ఎత్తుకుంటుంది? చేతులు లాగి దించేస్తుంది. అదే వాన.'"

హెడ్మాస్టరుకు నవ్వొచ్చింది. దాన్ని దగ్గుగా మార్చుకున్నాడు.

"నేనే ఎడంగా కూర్చోబెట్టి, నేనే కాపలా ఉండి పెట్టిన పరీక్ష ఇది. అయితే పిల్లల్లో ఎవరో చీటీ తిప్పి ఉండాలి, లేదా ముందే ఎవరో చెప్పి బట్టీ పట్టించి ఉండాలి."

"నేను ముందునుంచీ మొత్తుకుంటూనే ఉన్నానండీ," హెడ్మాస్టరు అందుకున్నాడు. "గుంపులు గుంపులుగా కూర్చోబెట్టకమ్మా అని. వరుసల్లో అయితే ఒకడికి ఇంకొకడి వీపు కనిపిస్తుంది, మూతి కనిపించదు. వీపుతో ఎవడూ కబుర్లు చెప్పడు కదా!"

ఇన్‌స్పెక్టరు టీచరు వైపు తిరిగాడు. "నాకు పేరు కావాలి. పిల్లల్లో ఒకరైతే ఆ ఒక్కరికే సున్నా, మిగతావాళ్ళని వదిలేస్తాను. పేరు రాకపోతే ముప్పై ఆరుగురికీ సున్నా. ఆ మాట మీ నోట్లోంచి వచ్చిందని తేలితే మాత్రం, రేపటి నుంచి మీరు రానక్కర్లేదు. ఈ బల్లలు వరుసల్లోకి వెళ్ళిపోతాయి."

కిటికీ అవతల మంచులో తలలు కదిలాయి. పిల్లలు బయట నిలబడి అంతా వింటున్నారు.

"గంట కొట్టేదాకా ఆగండి సార్," అంది టీచరు. "ఈ గదిలో మాట ఏ దారిన నడుస్తుందో నాకు తెలుసు. ఎక్కడ పుట్టిందో పట్టుకుంటాను."

గోడ గడియారంలో ఇంకా ఇరవై నిమిషాలున్నాయి.

పిల్లలు లోపలికొచ్చి తమ తమ బల్లల దగ్గర కూర్చున్నారు. ఆరు బల్లలు, బల్లకు ఆరుగురు. వాళ్ళ భాషలో ఒక్కో బల్లా ఒక్కో 'ఇల్లు'. పాఠాన్ని ఆరు ముక్కలు చేసి, ఇంట్లో ఒక్కొక్కరికి ఒక్కో ముక్క ఉన్న అట్ట ఇస్తుంది టీచరు. ఒకరికి ఆవిరి, ఒకరికి మబ్బు, ఒకరికి వాన, ఒకరికి వడగళ్ళు, అలా. వాన అట్ట వచ్చిన ఆరుగురూ తమ ఇళ్ళు వదిలి ఒకే బల్ల దగ్గరికి, అంటే వాన బల్ల దగ్గరికి చేరి, దాన్ని కలిసి నేర్చుకుంటారు. దానికి 'చుట్టాలిల్లు' అని పేరు పెట్టింది పిల్లలే. అక్కడ నేర్చుకున్నది మోసుకుని మళ్ళీ ఎవరింటికి వాళ్ళు వెళ్ళి, మిగతా అయిదుగురికీ చెప్పాలి. పక్కవాడు చెప్పకపోతే ఎవరికీ పాఠం పూర్తి కాదు. పక్కవాడు తప్పు చెబితే, తప్పు కూడా ఇల్లిల్లూ తిరుగుతుంది.

ఈ ఏడాది ఈ గదిలో ఎవరి ముక్క వాళ్ళు పోగొట్టుకోకుండా దాచుకున్నారు. వెనక బెంచీలో గోడకు అతుక్కుపోయే పిల్లలు కూడా తమ వంతు కోసం కుర్చీ అంచున కూర్చోవడం నేర్చుకున్నారు. అదంతా ఇప్పుడు ఇరవై నిమిషాల మీద నిలబడి ఉంది.

"మీ ఇంట్లో వాన గురించి చెప్పిందెవరు?" మొదటి బల్లను అడిగింది.

అయిదు వేళ్ళు ఒక్కడి వైపు లేచాయి. రెండో బల్ల దగ్గరా అంతే, మూడో బల్ల దగ్గరా అంతే. గదికి ఆ చివర కూర్చున్న ఇన్‌స్పెక్టరు తెలియకుండానే కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. ముప్పై ఆరుగురు ఆరుగురయ్యారు.

ఆ ఆరుగురినీ వాన బల్ల దగ్గర కూర్చోబెట్టింది. వాళ్ళ ముఖాల మీద మంచు వెలుతురు పడి, పిల్లలు అద్దం అవతల ఉన్నట్టు కనిపిస్తున్నారు.

"ఇక్కడే పుట్టింది ఆ మాట. మీలో ఎవరన్నారు?"

ఆరుగురూ బల్ల మీది గీతలు లెక్కపెట్టడం మొదలెట్టారు.

"ఏమే వాగుడుకాయా, నిద్రలో కూడా నోరు మూయవని మీ అమ్మ చెప్పిందే. ఇవాళేమైంది?"

"గొంతు నొప్పి టీచర్," అంది వాగుడుకాయ, ఖంగుమనే గొంతుతో.

"నువ్వు చెప్పరా సోడాబుడ్డీ."

"ఆరోజు నాకు సరిగ్గా కనిపించలేదు టీచర్."

"మాట కనిపించదురా, వినిపిస్తుంది."

"అద్దాలు తుడుచుకోకపోతే నాకు వినిపించదు కూడా టీచర్."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ఇన్‌స్పెక్టరు లేచొచ్చాడు. "చాలు. పేరు చెప్పకపోతే అందరికీ సున్నా అన్నాను. గుర్తుందా?"

సోడాబుడ్డి లేచాడు. "నేనే సార్."

"వాడు కాదు సార్, నేను," అంది వాగుడుకాయ.

"వీళ్ళిద్దరూ అబద్ధం సార్. నేనన్నాను," అన్నాడు మూడోవాడు. చూస్తుండగానే ఆరుగురూ నిలబడ్డారు.

"ఒక్క వాక్యానికి ఆరుగురు దొంగలా!" హెడ్మాస్టరు నడుం మీద చేతులు పెట్టుకున్నాడు. "చూశారా అండీ? అందరూ ఒకే గూటి పక్షులు!"

టీచరుకు ఏదో అందీ అందనట్టుంది. పిల్లలు ఒకరినొకరు కాపాడుకుంటుంటే ఆమె చాలాసార్లు చూసింది. అప్పుడు వాళ్ళ చూపులు ఒకరి మీంచి ఒకరి మీదికి దూకుతాయి. ఇవాళ అలా లేదు. ఆరు జతల కళ్ళూ ఒక్క చోటి నుంచే తప్పించుకుంటున్నాయి. కిటికీ పక్కనున్న ఆమె కుర్చీ వైపు పొరపాటున కూడా చూడకూడదని ఒట్టు పెట్టుకున్నట్టు.

టీచరు వెళ్ళి, ఆరుగురిలో చిన్నదైన బుజ్జిపిట్ట ఎదుట మోకాళ్ళ మీద కూర్చుంది. "తల్లీ, మీ అట్ట మీద ఏముంది?"

"చిన్న చిన్న చుక్కలన్నీ కలిసి పెద్దవవుతాయని. బరువెక్కితే గాలి మోయలేదని."

"మరి అది రాయలేదేం?"

"మేఘం ఎందుకు వదిలేస్తుందో అర్థం కాలేదు. మాలో ఎవరికీ తెలీదు. అందుకని నేనే వెళ్ళి అడిగాను."

వాగుడుకాయ మోచేత్తో పొడిచింది. బుజ్జిపిట్ట కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"మెల్లిగానే అడిగాను టీచర్. లేపకుండా."

ఆ మాట పెద్దగా వినిపించలేదు. ఇన్‌స్పెక్టరు గడియారం చూసుకుంటున్నాడు.

టీచరుకు మాత్రం గది మొత్తం నెమ్మదిగా పక్కకు ఒరిగినట్టయింది. వాన పాఠం జరిగిన ఆ మధ్యాహ్నం బయట కూడా వాన. ఆరు బల్లల దగ్గర ఆరు పాఠాలు తేనెపట్టులా రొద పెడుతున్నాయి. తన ఇంట్లో ఏడు నెలల పాపకు పళ్ళొస్తున్నాయి. మూడు రోజులుగా దించితే ఏడుపు, ఎత్తుకుంటే ఊరట. ఒక్క నిమిషం కళ్ళు మూసుకుందామని కుర్చీలో వెనక్కి వాలింది. అంతే, ఎక్కడో నడుస్తోంది. నేల లేదు, అంతా తెలుపు. భుజం మీద తడి తడిగా, మెత్తగా, అంతకంతకూ బరువెక్కుతున్నదేదో ఉంది. కింద నుంచి ఒక సన్నటి గొంతు, ఎందుకు దించేస్తుంది అని అడిగింది. ఆమె చాలా ప్రేమగా జవాబు చెప్పింది. ఏం చెప్పిందో మెలకువ రాగానే కరిగిపోయింది. లేచి చూస్తే గదిలో చీమ చిటుక్కుమనడం లేదు. అందరూ తలలు వంచుకుని రాసుకుంటున్నారు. తన భుజాల మీద ఎవరిదో స్వెట్టరు కప్పి ఉంది. ఎంత బుద్ధిమంతులు నా పిల్లలు అనుకుంది.

పాపం, మేఘం మాత్రం ఎంతసేపని.

పాపను చంక మార్చుకుంటూ తను రోజూ ఇంట్లో అనే మాటే అది. 'అమ్మ' ఉన్న చోట 'మేఘం' వచ్చింది, అంతే.

"టీచర్‌గారూ, రెండు నిమిషాలే ఉన్నాయి," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "దొరికారా?"

"దొరికారు సార్."

సోడాబుడ్డి ఆమె కొంగు పట్టుకుని లాగాడు. "టీచర్, నా పేరు చెప్పేయండి," అన్నాడు గుసగుసగా. "నాకు సున్నాలు అలవాటే. మా నాన్న కూడా ఏమీ అనుకోడు."

"నాది చెప్పండి టీచర్," అంది వాగుడుకాయ. నొప్పి సంగతి మరిచిపోయింది. "మీరు లేకపోతే మళ్ళీ వరుసల్లో కూర్చోవాలి. నేనెవరితో మాట్లాడాలి?"

ఒక్క పేరు చాలు. అడగకుండానే ఆరు పేర్లు ఆమె చేతిలో పెడుతున్నారు. వాటిలో ఒకటి అందుకుంటే రేపు కూడా ఈ బల్లలిలాగే ఉంటాయి, ఆమె ఇక్కడే ఉంటుంది, పిల్లలు ఇళ్ళ నుంచి చుట్టాలిళ్ళకు తిరుగుతూనే ఉంటారు. ఒకడు మాత్రం సున్నా మోసుకుంటూ తిరుగుతాడు. తప్పు చెప్పినవాళ్ళు వచ్చి, నేను తప్పు చెప్పాను, దిద్దుకోండి అనాలన్నది ఈ గదిలో తనే పెట్టిన నియమం. ఒక్కరు అనకపోయినా ఆట మొత్తం చెడిపోతుందని వందసార్లు చెప్పింది.

సోడాబుడ్డి వేళ్ళలోంచి కొంగు మెల్లిగా విడిపించుకుని లేచింది. బల్లల మధ్య తేలే మంచులోంచి నడుచుకుంటూ ఇన్‌స్పెక్టరు ఎదుటికి వెళ్ళింది. తీరా వెళ్ళాక, ఆయన వైపు కాక పిల్లల వైపు తిరిగింది.

"అందరూ దిద్దుకోండి నాన్నా. మేఘానికి చేతుల్లేవు, అలసటా లేదు. బుజ్జిపిట్ట అట్ట మీద ఉన్నదే సరైన జవాబు. సార్, మీరు పేరు రాసుకోండి. ఆ తప్పు చెప్పింది ఈ ఆరుగురూ కాదు. ఆ కుర్చీలో నిద్రపోతూ చెప్పింది నేను. సైన్స్ టీచర్."