యాభై రెండు దగ్గర ఆగిన గంట

ద్రుసిల్లా అత్త తెల్లవారుజామున పోయింది. తొంభై ఒక్క ఏళ్ళు. ఊళ్ళో అందరికీ అత్తే, నాకూ అత్తే. ఆవిడ మనవడు వచ్చి తలుపు కొట్టాడు. బూట్లు తొడుక్కుని చర్చికి పోయాను.

మా రేవులో మనిషి పోతే గంట కొడతాం. ఎన్నేళ్ళు బతికితే అన్ని దెబ్బలు. పడవల్లో ఉన్నవాళ్ళూ వంటింట్లో ఉన్నవాళ్ళూ లెక్కపెట్టుకుంటారు. న్యూఫౌండ్‌లాండ్ దీవిలో ఈ చివర ఉన్న ఇళ్ళు కొన్నే. వయసు వింటే చాలు, పేరు చెప్పక్కర్లేదు.

అసలు గంట ఎప్పుడో బీటలు వారింది. దింపి గుమ్మం పక్కన పెట్టారు. ఇప్పుడు కొడితే బకెట్టు కొట్టినట్టుంటుంది. అది బాగున్న రోజుల్లో దాని మోత రికార్డు చేసి ఉంచారు. ఆ మోత ఇప్పుడు కంప్యూటర్లో ఉంది. గోపురంలో రెండు పెద్ద స్పీకర్లు పెట్టారు. నేను అంకె వేసి ఆకుపచ్చ బొత్తాం నొక్కితే మిగతాది అదే చూసుకుంటుంది. నేను మూడో తరగతి దాకా చదివాను. ఈ పనికి అది చాలు.

తొంభై ఒకటి వేశాను. నొక్కాను. కుర్చీలో కూర్చుని నేనూ లెక్కపెట్టాను. ఊరికే అలవాటు.

యాభై రెండో దెబ్బ పడింది. యాభై మూడు పడలేదు.

తెర నీలంగా అయింది. మధ్యలో చుక్కలు గుండ్రంగా తిరుగుతున్నాయి. కింద ఉన్న అక్షరాలు కూడబలుక్కుని చదివాను. అప్‌డేట్లు ఎక్కుతున్నాయి, కంప్యూటరు ఆపవద్దు, అని ఉంది.

నేనెక్కడ ఆపాను? ఆగింది అది.

గుమ్మం దగ్గర చప్పుడైంది. వెర్నా. రాత్రి గౌను మీద మొగుడి వానకోటు వేసుకుంది. ఒక కాలికి ఒక రకం జోడు, ఇంకో కాలికి ఇంకో రకం. ఆమె మొగుడు గార్లాండ్ పీతల బోనులు లాగడానికి చీకటితోనే సముద్రం మీదికి పోయాడు. బయట పొగమంచు గోడ కట్టినట్టుంది. గార్లాండ్‌కి యాభై రెండు.

"ఎవరు బాబాయ్?" అంది.

"ద్రుసిల్లా అత్త."

"అత్తకి తొంభై దాటాయి."

"కంప్యూటరు మధ్యలో ఆగింది."

ఆమె చేతిలో రేడియో ఉంది. నొక్కి మొగుణ్ణి పిలిచింది. గరగర తప్ప ఏమీ రాలేదు.

"డెక్కు మీద ఉంటాడు. రేడియో లోపల గదిలో ఉంటుంది. వినపడదు" అన్నాను.

"తెలుసు. ఏం కాలేదనీ తెలుసు." ముందు బల్ల మీద కూర్చుంది. "అయినా మిగతావి కొట్టించు బాబాయ్. మంచులో ఉన్నాడు. గంటని ఆయన అంకె మీద ఆపి ఉంచకు. ఆయన ఒడ్డుకి చేరేలోపల దాటించెయ్."

 గ్లెనిస్‌కి ఫోను చేశాను.

చేపల ఫ్యాక్టరీ, ఆసుపత్రి, బడి, చర్చి, ఊళ్ళో కంప్యూటర్లన్నీ గ్లెనిస్ ఒక్కదాని మీదే. రాత్రంతా ఫ్యాక్టరీలోనే ఉందట, అక్కణ్ణుంచే వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఒక చేతిలో చల్లారిన టీ.

"ఎంతదాకా వచ్చింది?"

"ముప్ఫై శాతం."

"ఇందాక?"

"ఇందాకా ముప్ఫయ్యే."

కుర్చీ లాక్కుని కూలబడింది. "వారం నుంచీ ఇదే బతుకు బాబాయ్. కంప్యూటర్లలో దొంగలు దూరే కంత ఒకటి బయటపడింది, పూడ్చమన్నారు. పూడ్చడానికి ఒకటి ఎక్కిస్తాను. అది ఇంకోదాన్ని చెడగొడుతుంది. ఫ్యాక్టరీలో తూకం పలకడం మానేసింది. ఆసుపత్రిలో ప్రింటరు పడుకుంది. ఇప్పుడు దేవుడి వంతు."

"తీగ పీకేసి మళ్ళీ పెడితే?" అంది వెర్నా.

"ఇప్పుడు పీకితే అసలుకే లేవదక్కా."

కూర్చున్నాం. చుక్కలు తిరిగాయి. ఎనభై అయింది. తెర నల్లబడింది. మళ్ళీ సున్నా నుంచి మొదలైంది.  గ్లెనిస్ టీ తాగబోయి, చూసి, కింద పెట్టింది. వెర్నా మధ్యమధ్యలో రేడియో నొక్కుతూనే ఉంది.

చివరికి కంప్యూటరు లేచింది. గంట బొమ్మ వచ్చింది. గ్లెనిస్ ఒకటి వేసి నొక్కింది. గోపురం పలకలేదు. ఆమె తెర వెనక చెవి పెట్టి వింది.

"ఇక్కడ మోగుతోంది. విను."

విన్నాను. కప్పులో చెంచా తగిలినట్టు, మా గంటే.

"గోపురం స్పీకర్లని మర్చిపోయింది. ఈ బుడ్డ స్పీకరే లోకం అనుకుంటోంది. స్పీకర్లతో మాట్లాడే పాత ముక్క తీసేసి కొత్త ముక్క పెట్టుకుంది. కొత్తదానికి మన స్పీకర్లు ఎవరో తెలీదు."

"పాతదే మళ్ళీ పెట్టు."

"అదే చేస్తున్నా. ఒప్పుకోవట్లేదు."

రెండోసారికి ఒప్పుకుంది. దానికోసం ఇంకోసారి ఆపి లేపాల్సి వచ్చింది. లేచాక ఏదో నొక్కి చూసింది. గోపురం నుంచి రేవంతా వినపడేలా కంప్యూటరు "టింగ్" అంది.

కింద పడవల దగ్గర ఎవడో అరిచాడు. "ఎవరు పోయార్రా, టీ కెటిలా?"

గ్లెనిస్ నవ్వలేదు. "ఇది మధ్యలోంచి ఎత్తుకోదు బాబాయ్. తొంభై ఒకటీ మొదటి నుంచి వెయ్యనా?"

"మళ్ళీ ఆయన అంకె మీదుగానా?" అంది వెర్నా. "మళ్ళీ అక్కడే ఆగితే?"

"ఆగదక్కా."

"ఇందాకా ఆగదనే అనుకున్నాం కదా."

గ్లెనిస్ కళ్ళు నులుముకుంది.

"మిగిలినవే వెయ్" అంది వెర్నా. "ఎన్ని మిగిలాయి?"

నేను వేళ్ళ మీద లెక్కేశాను. "ముప్ఫై తొమ్మిది."

గ్లెనిస్ చెయ్యి ఆగింది. ఆ పిల్ల బాప్తిస్మానికి నీళ్ళు మోసింది నేనే. తనకీ ముప్ఫై తొమ్మిదే. వెర్నాకీ అప్పుడే తట్టింది.

"వద్దులే" అంది వెర్నా.

"ఫర్వాలేదు. సగం ఎలాగూ పోయాను. ఆ సగానికి అనుకుంటా." గ్లెనిస్ ఆవలించింది. "నాకు నిద్రొస్తోందక్కా." ముప్ఫై తొమ్మిది వేసి నొక్కేసింది.

గంట మొదలైంది. వెర్నా పైకే లెక్కపెట్టింది, యాభై మూడు నుంచి. అరవై దాటాక ఆమె గొంతు కాస్త కుదుటపడింది. ఎనభైల్లో నేనూ ఆమెతో కలిసి లెక్కపెట్టాను. తొంభై. తొంభై ఒకటి. మోత పోయేదాకా ఎవరమూ కదల్లేదు.

రేడియో గరగరలాడింది.

"వెర్నా! ఇద్దరు పోయారా ఏంటి? ముందు యాభై రెండు కొట్టారు. నేనైతే కాదు కదా అని చూసుకున్నా."

వెర్నా రేడియో నోటి దగ్గర పెట్టుకుంది.  

"టీ ఫ్లాస్కు బల్ల మీదే వదిలేసి పోయావు. బుద్ధుందా నీకు?"

"అందుకు గంట కొట్టించావా?"

"ఇంటికి రా."

"ఇంకా రెండు వరసల బోనులు..."

"ఇంటికి రా గార్లాండ్."

"సరే. వస్తున్నా."

వెర్నా కోటు సర్దుకుని రేవు వైపు పోయింది. వేరువేరు జోళ్ళతోనే.

గ్లెనిస్ ఇంకా తెర ముందే ఉంది. "తెల్లవారుజామున ఎవరూ పనిచెయ్యరని దీని నమ్మకం. ఆ వేళలోనే ఆగి లేస్తుంది. పని వేళలు మార్చాను."

"రోజంతా పెట్టు."

"పద్దెనిమిది గంటలకి మించి పెట్టనివ్వదు. మిగతా ఆరు గంటల్లో ఎవరినీ పోవద్దని చెప్పు బాబాయ్."

"చెప్తాను."

ఇంటికి పోయే ఓపిక లేనట్టుంది. బల్ల మీద వెల్లకిలా పడుకుని చేతులు రొమ్ము మీద పెట్టుకుంది. రెండు నిమిషాల్లో నిద్రపోయింది. నేను టీ కప్పు తీసి పక్కన పెట్టాను.

అప్పుడు వాళ్ళమ్మ బ్యూలా వచ్చింది. వాళ్ళ ఇల్లు రేవుకి అవతలి కొస. చేతులకి మోచేతుల దాకా పిండి. పరిగెత్తినట్టుంది, ఆ వయసులో. గుమ్మంలో నిలబడి కూతుర్ని చూసింది. ఇంక ముందుకి రాలేదు.

"నిద్రపోతోంది" అన్నాను.

ఆమె నన్ను చూడలేదు. తలుపు చట్రం పట్టుకుంది.

"నిద్రే, బ్యూలా."

అప్పుడు గ్లెనిస్ గురక పెట్టింది. పెద్దదే.

బ్యూలా మెల్లగా వచ్చి బల్ల కొసన కూర్చుంది. కూతురి కాళ్ళు ఒళ్ళోకి తీసుకుంది. బూట్ల మీద పిండి అంటింది.

"ముప్ఫై తొమ్మిది ఎవరిది?" అంది.

"అత్తదే. మిగిలినవి."

"నలభయ్యోది పడుతుందేమోనని చూశాను, ఆంబ్రోస్."

 "లేపనా?" అన్నాను.

"వద్దు. గురక పెట్టనీ."