గంజాంలో ఆగిన పాట

బరంపురం తెలుగు చర్చి పిల్లలకు తెలుగు అక్షరాలు రావు. బళ్లో ఒడియా, వీధిలో ఒడియా, ఇంట్లో అమ్మ తిట్టినప్పుడు మాత్రం తెలుగు. అలాంటి పిల్లల చేత క్రిస్మస్‌కు తెలుగు పాట పాడించాలని దేముడమ్మ పంతం. ఆదివారం బడి టీచరమ్మగా ఆమెకు జీతమూ లేదు, భత్యమూ లేదు. పాట మాత్రం ఆమెదే. పొయ్యి ముందు కూర్చుని సొంతంగా కట్టుకున్నది.

సంఘపెద్ద తాతారావుకు ఈ పంతం గిట్టదు. రైల్వేలో హెడ్డు గుమాస్తా ఆయన, చర్చిలో కూడా ఆ హోదా దిగడు. "ఈ ఒక్క ఏడూ సూస్తాను దేముడమ్మా. పిల్లలు తడబడ్డారా, మరి తెలుగు పాట ఊసెత్తకు. వచ్చే ఏటినుంచి ఒడియా పాటే" అని కమిటీలో అందరి ముందూ చెప్పేశాడు.

పుస్తకం పట్టించి లాభం లేదని దేముడమ్మ రైలాట కనిపెట్టింది. చర్చి పెరట్లో పిల్లలు ఒకరి చొక్కా ఒకరు పట్టుకుని బండి కడతారు. ఒక్కో పిల్లకు ఒక్కో స్టేషను, ఒక్కో స్టేషనుకు పాటలో ఒక్కో పాదం. ఇంజను సోములు "బరంపురం" అని కేకేసి మొదటి పాదం ఎత్తుకుంటాడు. వెనకవాడిది జగన్నాథపురం, ఆపైన ఛత్రపురం, గంజాం, హుమ్మా, రంభ, చివరికి ఖల్లికోట. తన పాదం మరిచిపోయిన స్టేషన్లో బండి ఆగిపోతుంది. అందరూ కూ అని వెక్కిరిస్తారు. మొట్టినా రాని పిల్లలు ఈ ఆటకు పిలవకుండా పరిగెత్తుకొచ్చారు.

ఒకటే చిక్కు. ఎవరి పాదం వాళ్లకే వచ్చు. మార్చి ఆడిద్దామంటే "నా టేసను నానియ్యను" అని ఏడుపులు. పోనీలే, అందరూ కలిసి నిలబడితే పాట పూర్తవుతుంది కదా అని దేముడమ్మ సరిపెట్టుకుంది.

గంజాం కాసులమ్మది, రంభ దాని తమ్ముడు పైడన్నది. మునిసిపాలిటీలో వీధులూడ్చేవాళ్ల పేట పిల్లలు. కాసులమ్మ గొంతు కంచుగంట. "ఊరిలోన చోటు లేదు, పాకలోన పుట్టినాడు" అని అది ఎత్తుకుంటే దేముడమ్మకు కళ్లు చెమర్చేవి.

క్రిస్మస్ పొద్దున పిల్లలు చర్చి మెట్ల మీద వరసగా నిలబడి ఉంటే తాతారావు కోటు సర్దుకుంటూ వచ్చాడు. అక్కాతమ్ముళ్ల దగ్గర ఆగాడు.

"ఈళ్లిద్దర్నీ ఎనక బెంచీలో కూకోబెట్టు. ఒడియా సంఘం పెద్దలొస్తన్నారు. ఎలిసిపోయిన బట్టలోళ్లు ముందుంటే బాగోదు."

"బాబూ, ఆళ్ల పాదాలు ఆళ్లకే వచ్చు."

"ఇంతమందిలో ఇద్దరు తగ్గితే ఏటవుద్ది? పక్కోళ్లకి సెప్పు. నేదంటే పాటే మానీ."

బట్టల సంగతే అయితే సోములు నిక్కరుకూ మాసిక ఉంది. పేట పేరు ఆయన నోట రాలేదు, రానక్కర్లేదు. దేముడమ్మకు ఒళ్లు మండింది. అయినా పాట పోతుందన్న భయం ఆ మంటను మింగేసింది. వంగి కాసులమ్మతో చెప్పింది, "అమ్మా, ఈయేల తమ్ముణ్ని తీసుకుని ఎనక కూకో. నోరెత్తకు. వచ్చే ఏడు పాడుదువు గాని."

పిల్ల తమ్ముడి చెయ్యి పట్టుకుని వెళ్లిపోయింది. దేముడమ్మ ఆ రెండు పాదాలూ పక్కవాళ్లకు గబగబా చెప్పింది. వాళ్లు గంగిరెద్దుల్లా తలలూపారు.

బరంపురం బాగానే కదిలింది. జగన్నాథపురం దాటింది, ఛత్రపురం దాటింది. గంజాం వచ్చింది, ఎవరూ నోరు తెరవలేదు. ఛత్రపురం తన పని అయిపోయిందని ఊరుకున్నాడు. హుమ్మా తన వంతు ఇంకా రాలేదని పక్కకు చూశాడు. ముందు బెంచీలో ఎవరో కిసుక్కున నవ్వారు.

దేముడమ్మ చివరి బెంచీ వైపు చూసింది. పాడమని కళ్లతో సైగ చేసింది. చేత్తో చేసింది. ఆఖరికి ఇంతమందిలో ఆ చిన్నదానికి దణ్ణం పెట్టింది. కాసులమ్మ ఆమెనే చూస్తూ అరచెయ్యి తన నోటికి అడ్డం పెట్టుకుంది. రెండో చెయ్యి తమ్ముడి నోటికి పెట్టింది. చెప్పిన మాట వినే పిల్ల.

తాతారావు లేచి ఒడియాలో అతిథులకు క్షమాపణ చెప్పాడు. బోగీలు ఊడదీసిందెవరో ఆయనకూ తెలుసు, దేముడమ్మకూ తెలుసు. ఇద్దరూ చెప్పలేదు.

మర్నాడు ఆమె అరిసెల పొట్లం పట్టుకుని ఆ పేటకు వెళ్లింది. సందులో రైలాట సాగుతోంది. ఇంజను కాసులమ్మ. ఆ పేటలో చర్చి ముఖం చూడని పిల్లలు కూడా వెనక తగులుకున్నారు. బరంపురం నుంచి ఖల్లికోట దాకా ప్రతి పాదమూ కాసులమ్మే అందించి పాడిస్తోంది. పాటంతా ఆ పిల్లకు వచ్చు. ఆ సంగతి ఎప్పుడూ అడగలేదు కనుక దేముడమ్మకు ఇన్నాళ్లూ తెలియలేదు.

ఆమె దారికి అడ్డంగా నిలబడి నవ్వబోయింది. "బండాపమ్మా. నన్నూ ఎక్కించుకో."

కాసులమ్మ అడుగు తగ్గించలేదు.

"ఈ టేసన్లో ఆగదు, టీచరమ్మా."

బండి ఆమెను చుట్టుకుని పాడుకుంటూ ముందుకు పోయింది.