నాలుగో పెడల్

శకుంతల వంటింట్లోంచి మాట్లాడితే రామచంద్రరావు డ్రమ్ముల గదిలోంచి పలికేవాడు. ఇదీ ఆ ఇంటి పద్ధతి. పాతికేళ్ళు దాటిన కాపురం, ఎదురెదురుగా కూర్చుని చెప్పుకునేదేముంటుంది చెప్పండి? ఆవిడ పోపు వేస్తూ ఏదో అంటుంది, ఆయన తలుపవతల్నుంచి "ఊఁ" అంటాడు. సంసారం సాగిపోతోంది.

ఆ డ్రమ్ములు కూడా చర్మం బిగించినవి కావు. రబ్బరు పళ్ళేల్లాంటి ఎలక్ట్రానిక్ డ్రమ్ములు. హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నాడంటే మోతంతా ఆయన చెవుల్లోనే. ఆ అరబ్బు దేశంలో ముఐథర్ అనే పేటలో ఒక విల్లాని వాటాలు చేసి అద్దెకిచ్చిన ఇల్లది, గోడలు పల్చన. అందుకే ఆ ఏర్పాటు. ఆమధ్య వినాయక చవితికి తెలుగువాళ్ళ ప్రోగ్రామ్ ఉందని, మామూలు పెడల్స్‌కి తోడు ఇంకో నాలుగు తెప్పించి కాళ్ళ దగ్గర వరసగా పేర్చాడు. ఒకటి తొక్కితే శంఖం, ఒకటి తొక్కితే గుడిగంట, ఇంకోటి తొక్కితే జనం చప్పట్లు. హాల్లో ఒకటే ఈలలు! "ప్లానింగ్ ఇంజినీరండీ, ఆ బుర్రే వేరు" అన్నారంతా. పండగయ్యాక అవి ఖాళీగా పడున్నాయనే అనుకుంది శకుంతల. పిచ్చి మనిషి!

ఇప్పుడు అసలు సంగతి. మూడు వారాల క్రితం ఆవిడ ఒక మాట చెప్పింది. స్నానం చేస్తుంటే ఎడమ రొమ్ములో గడ్డలా తగిలింది. డాక్టరమ్మ చూసి, ముక్క తీసి పరీక్షకు పంపాలంది. ఈ విషయం మొగుడికి మొహమ్మీద చెప్పడానికి ఆవిడకి నోరు పెగల్లేదు. వాళ్ళ పుట్టింట్లో ఆడవాళ్ళు ఒంటి సంగతులు మగాళ్ళ ఎదుట ఎత్తేవారే కాదు. అందుకని స్టవ్ వైపు తిరిగి, పప్పు గరిటెతో మెదుపుతూ, మొత్తం పొయ్యికి చెప్పినట్టు చెప్పేసింది. చివర్లో, "ఏవండీ, చేయించుకోనా మరి?" అంది.

గదిలోంచి జవాబు వచ్చింది. "నీ ఇష్టం శకూ."

అబ్బ, ఎంత మెత్తగా అన్నాడో! ఆ మెత్తదనానికి ఆవిడ అక్కడే కొంగుతో మొహం కప్పుకుని ఏడ్చింది. భోజనాల దగ్గర ఆయన ఏం మాట్లాడకుండా కంచం అంచు మీద వేళ్ళు ఆడిస్తుంటే, పాపం, లోలోపల ఎంత కుమిలిపోతున్నాడో అనుకుంది. ఆవిడా మళ్ళీ ఎత్తలేదు. పక్క వాటాలో ఉండే కరాచీ ఆవిడ మెహ్విష్‌ని తోడు తీసుకెళ్ళి పరీక్ష చేయించుకుని వచ్చింది.

రిపోర్టు ఈ శనివారం సాయంత్రం ఇస్తామన్నారు.

శనివారం పొద్దున దొండకాయలు వేయిస్తోంది. చిమ్నీ ఫ్యాన్ హోరు. గుండెల్లో అంతకంటే పెద్ద హోరు. ఇక ఉగ్గబట్టుకోలేక గదివైపు గొంతెత్తింది. "ఏవండీ, సాయంత్రం రిపోర్టిస్తారు. మెహ్విష్‌ని మళ్ళీ అడగడం ఏం బావుంటుంది? మీరొస్తారా?"

"ఊఁ."

"ఊఁ అంటే? నిజంగా వస్తారా?"

"నీ ఇష్టం శకూ."

ఆవిడ కళ్ళు చెమర్చాయి. స్టవ్ సిమ్‌లో పెట్టింది. సరిగ్గా అప్పుడే వీధి తలుపు తీసుకుని రామచంద్రరావు లోపలికొచ్చాడు. చేతిలో కారు తాళాలు.

"మన కారు అడ్డంగా ఉందట, తీసి పెట్టొచ్చా. గులాం నబీకి తలుపు తీసి వెళ్ళాను, ఏసీ క్లీనింగ్ అయిందా?" అన్నాడు.

శకుంతల కొయ్యబారిపోయింది. "మీరు... గదిలో లేరా?"

"ఇప్పుడేగా వస్తున్నా!"

ఆయన నోరు మూసుకునే ఉంది. ఆవిడ ఆ నోటివంకే చూస్తోంది. గదిలోంచి మళ్ళీ వినపడింది, అదే గొంతు, అదే మెత్తదనం. "నీ ఇష్టం శకూ."

"ఓరి దేవుడోయ్!" చేతిలో గరిటె కింద పడింది.

గదిలోంచి ఏసీ మెకానిక్ గులాం నబీ ఒక్క ఉరుకున బయటికొచ్చాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. "మేడం! అందర్ కోయీ హై! నీచే సే ఆవాజ్ ఆతీ హై!" లోపలెవరో ఉన్నారట, కిందనుంచి గొంతు వస్తోందట.

శకుంతల అతన్ని తప్పించుకుని లోపలికెళ్ళింది. డ్రమ్ముల మధ్య అటూ ఇటూ జరుపుతూ వేసిన నిచ్చెన కాళ్ళలో ఒకటి మొదటి పెడల్‌ని రాసుకుని ఉంది, ఇంకోటి నాలుగో పెడల్ మీద ఆనుకుని ఉంది. పెడల్స్ మీద తెల్ల టేపు, దాని మీద ఆయన ముత్యాల్లాంటి అక్షరాలు. ఊఁ. చెప్పు చెప్పు. అవునవును. నాలుగో దాని మీద రాసింది నిచ్చెన కాలు కింద సగమే కనబడుతోంది. ఆవిడ బొటనవేలితో మొదటిది నొక్కింది. తలుపు పక్కనున్న బుల్లి స్పీకర్ "ఊఁ" అంది. ఎన్ని నెలల "ఊఁ"లో! చెవులు గింగురుమన్నాయి.

"కోప్పడకే," అన్నాడు ఆయన వెనక నుంచి. "నువ్వు పిలిచినప్పుడల్లా హెడ్‌ఫోన్స్ తీస్తే తాళం తప్పుతోంది. అదిగో, తలుపు దగ్గర చిన్న మైకు. నువ్వు మాట్లాడితే ఇక్కడ ఎర్రలైటు వెలుగుతుంది. కాసేపే వెలిగితే మొదటిది తొక్కుతా. బాగా ఎక్కువసేపు వెలిగితే నాలుగోది." చెప్తుంటే గొంతులో కాస్త గర్వం కూడా!

హవ్వ! ఇంత మనిషి, ఇన్నాళ్ళు, ఎవరితో మాట్లాడినట్టు?

"అంటే నా మాట మీకు ఎర్రలైటా?"

"అలా కాదు శకూ..."

"ఇటు చూడండి." ఆవిడ తిరిగి ఆయన కళ్ళలోకి చూసింది. పొయ్యికి చెప్పిన మాట ఇప్పుడు మొగుడికి చెప్పింది. "నాకు రొమ్ములో గడ్డ ఉంది. ముక్క తీసి పంపారు. చేయించుకోనా అని ముందే మిమ్మల్ని అడిగాను. నీ ఇష్టం అన్నారు. లైటు చాలాసేపు వెలిగుంటుంది లెండి."

రామచంద్రరావు గోడకి ఆనుకుని అలాగే కిందికి జారిపోయాడు. గులాం నబీకి భాష తెలియకపోయినా, చప్పుడు కాకుండా నిచ్చెన తీసుకుని వెళ్ళిపోయాడు.

"ఆ గొంతే పట్టుకుని బల్ల మీద పడుకున్నానండీ," అంది శకుంతల. ఇప్పుడు ఏడుపు ఆగలేదు. "సూది దిగుతుంటే ఆ మాటే తల్చుకున్నా. మనసులో ఎంత ప్రేమ లేకపోతే అంత మెత్తగా అంటారా అని."

ఆయన తలెత్తలేదు. "చాలాసార్లు రికార్డ్ చేశాను. అది బాగా వచ్చిందని... ఉంచాను."

ఈ మాటకి ఆవిడ ఏడుపు కూడా ఆగిపోయింది. వంటింట్లో దొండకాయలు మాడిన వాసన వస్తున్నా ఎవరూ కదల్లేదు.

సాయంత్రం క్లినిక్ బయట కుర్చీల్లో పక్కపక్కన కూర్చున్నారు. ఆయన గోళ్ళు కొరుకుతూ, "నేనూ లోపలికి రానా?" అన్నాడు.

"మీ ఇష్టం," అంది శకుంతల, మెత్తగా.

కొరడా తగిలినట్టు ఉలిక్కిపడ్డాడు. నర్సు పేరు పిలిచేసరికి ఆవిడ కంటే ముందు ఆయనే లేచాడు.

డాక్టరమ్మ కాయితం చూసి, "మామూలు కొవ్వు గడ్డే. భయమేం లేదు. ఆర్నెల్లయ్యాక ఒకసారి చూపించండి," అంది. శకుంతల రెండు చేతులూ జోడించింది. రామచంద్రరావు ఆ గదిలోనే వెక్కి వెక్కి ఏడ్చాడు.

తిరిగొస్తుంటే కారు సిగ్నల్ దగ్గర ఆగింది. ఆవిడే అంది. "మళ్ళీ ఆర్నెల్లకి రమ్మంది. విన్నారా?"

ఆయన తలూపాడు.

"నోటితో చెప్పండి."

రామచంద్రరావు స్టీరింగ్ వంకే చూస్తూ, "భయమేస్తోందే," అన్నాడు. "ఏం అందామన్నా ఆ నాలుగు మాటలే నోటికొస్తున్నాయి."

శకుంతల కిటికీలోంచి బయటికి చూసింది. కోపం ఇంకా పోలేదు. పోదు కూడా, అంత తొందరగా ఎందుకు పోవాలి?

"అయితే ఐదోది వెతుక్కోండి," అంది. "ఇల్లొచ్చేలోగా."