గ్యాలరీలో కళ్ళజోడు

ఒక్క నిమిషం ఆగండి, ఇది వినండి. నేను లోక్‌సభ సందర్శకుల గ్యాలరీలో, ముందు వరుసలో, నాది కాని కుర్చీలో కూర్చున్నాను.

ఈ కుర్చీ బావగారిది. అంటే మా ఎంపీ మేడమ్ భర్తకి అన్న. ఆడవాళ్ళకి కేటాయించిన సీటు కాబట్టి ఆవిడని నిలబెట్టి గెలిపించాడు, గెలిచినప్పట్నుంచీ నడిపించేదీ ఆయనే. ఓటింగ్ అనగానే ఆవిడ తలెత్తి ఈ కుర్చీ వైపు చూస్తుంది. ఆయన కళ్ళజోడు తీస్తే అవును, ఉంచుకుంటే కాదు. ఆఫీసులో అందరికీ తెలుసు, అందరూ చాటుగా నవ్వుకుంటారు.

నేను ఈమధ్యే చేరాను. బిల్లులు చదివి మేడమ్‌కి అర్థమయ్యేలా చెప్పడం నా పని. అందుకే బావగారు నన్ను పంతులమ్మ అంటాడు.

ఇవాళ్టి బిల్లు ఏమిటంటే, డిగ్రీ లేనివాళ్ళు ఇకమీదట పోటీ చేయకూడదు. మేడమ్ చదివింది ఎనిమిదో తరగతి. బిల్లు నెగ్గితే ఆవిడ పని అయిపోయినట్టే. బావగారు మాత్రం అవుననే అంటున్నాడు, ఆయన కోడలికి డిగ్రీ ఉంది మరి. సీటు ఇంట్లోంచి కదలదు, కళ్ళజోడూ మారదు.

నిజానికి నేనూ ఆ బిల్లు వైపే ఉండేదాన్ని. చట్టాలు చేసేవాళ్ళకి చదువు లేకపోతే ఎలా అని కాలేజీలో గొంతు చించుకున్నాను. మొన్న ఆవిడకీ అదే చెప్పాను. అంతా విని టీ కప్పు పక్కన పెట్టింది.

"చదువుండాల్సిందేలేమ్మా, కాదనను. కానీ ఇన్నేళ్ళూ వేలిముద్రగాళ్ళు ఎంతమంది కూర్చోలేదక్కడ? మా ఆడవాళ్ళకి మూడో వంతు సీట్లిచ్చాకే గుర్తొచ్చిందా డిగ్రీ?"

ఆ రాత్రి బిల్లు మళ్ళీ మొదట్నుంచీ చదివాను.

గ్యాలరీలోకి రావాలంటే సభ్యుల సంతకంతో పాస్ కావాలి, ఒక్కొక్కరికీ ఒక్కటే ఇస్తారు. పొద్దున్న ఆవిడ నా పేరు రాయించి సంతకం పెట్టేసింది. నేనేం చెయ్యాలని అడిగితే, ఏమీ వద్దు, ఆ కుర్చీలో ఆయన ఉండకపోతే చాలంది.

గేటు దగ్గర బావగారు ఎదురయ్యాడు. అరవలేదు, నవ్వాడు.

"నీకూ కళ్ళజోడుందిగా పంతులమ్మా. నా పని నువ్వే కానిచ్చెయ్. టైముకి తీసెయ్. తియ్యలేదో, రేపట్నుంచి మా గడప తొక్కక్కర్లేదు."

కింద ఓటింగ్ గంట మోగింది. తలుపులు మూసేశారు. రెండు పక్షాల బలమూ ఇంచుమించు సమానం, ఒక్క ఓటుతో అటో ఇటో అయిపోతుందని పొద్దుట్నుంచీ అందరూ అంటున్నారు. మేడమ్ వేలు బటన్ దగ్గరుంది, చూపు బల్ల మీదుంది. చూడకు, పైకి చూడకు అని లోపల్లోపలే అనుకుంటున్నాను.

అలవాటు ఎక్కడికి పోతుంది. తలెత్తింది. సూటిగా నా మొహంలోకే.

కళ్ళజోడు తీస్తే బావగారి మాట. ఉంచుకుంటే నేనే ఇంకో బావగారిని. లేచి వెళ్ళిపోదామంటే, ఖాళీ కుర్చీ చూసి ఆవిడ బెదిరిపోతే? ఆవిడ ఓటు తీసుకొచ్చి నా ముక్కు మీద పెట్టినట్టుంది. చెమటకి కళ్ళజోడు జారుతోంది. పట్టుకుందామన్నా చెయ్యెత్తాలంటే భయం.

మీరైతే ఏం చేస్తారు?