శౌరమ్మ వచ్చిందంటే

బెజవాడలోని ఆ ఆసుపత్రిలో శౌరమ్మ నర్సుగా చేరి పదకొండు రోజులైంది. మగవాళ్ళ వార్డుకు మార్చిన పూటే తోటి నర్సు మార్త ఆమెను పక్కకు పిలిచింది.

"ఇక్కడ నీ పేరు చెప్పమాకు శౌరీ. ఎప్పుడో శౌరమ్మని ఒక ఆయా ఉండేదంట. చచ్చిపోయినోళ్ళ మీద దుప్పటి కప్పేది ఆవిడే. ఇప్పటికీ ఎవరికన్నా ప్రాణం మీదికొస్తే 'శౌరమ్మ వచ్చింది' అంటారు. రోగులక్కూడా పాకిందా మాట."

"మా నాయనమ్మ పేరే అది. నేనెందుకు దాచుకోవాలి?" అంది శౌరమ్మ.

ఆ మధ్యాహ్నమే కంకిపాడు వైపు నుంచి రత్తయ్యను తెచ్చారు. పొలంలో గట్టు చెక్కుతుంటే తాచు కరిచింది. రెప్పలు వాలిపోతున్నాయి, మాట ముద్దగా వస్తోంది. డాక్టరు విరుగుడు మందు ఎక్కించమని, "సిస్టర్ శౌరమ్మా, త్వరగా!" అని కేకేసి ఆక్సిజన్ కోసం పరుగెత్తాడు.

"అయ్యో, శౌరమ్మే వచ్చిందా!" అన్నాడు పక్క మంచం ముసలాయన.

"అంటే ఏంటండీ?" అనడిగింది రత్తయ్య భార్య శివపార్వతి. ఆయన చెప్పేశాడు.

శివపార్వతి లేచి శౌరమ్మ మణికట్టు గట్టిగా పట్టుకుంది. "నువ్వు ముట్టుకోమాకు. ఇంకెవర్నన్నా పిలువు!"

మార్త ఆపరేషన్ గదిలో ఉంది. వార్డులో మరో నర్సు లేదు. రత్తయ్య గొంతులో గరగర మొదలైంది. శౌరమ్మ రెండో చేతిలో మందు నింపిన గాజు సిరంజి ఉంది. ఎంత నచ్చజెప్పినా ఈవిడ వినేలా లేదు.

"నేను మేరీనమ్మా. డాక్టరుగారు కంగారులో అలా పిలిచారు" అంది. ఆ మాట అంటుంటే నాయనమ్మను కాదన్నట్టు నోరంతా చేదైపోయింది.

శివపార్వతి పట్టు సడలింది. సూది నరంలోకి దిగింది.

పొద్దు వాలేసరికి రత్తయ్య ఊపిరి కుదుటపడింది. మర్నాడు శౌరమ్మ సెలైన్ సూది మార్చి గుచ్చడానికి వెళితే రత్తయ్య కళ్ళు విప్పి చూశాడు.

"నీ పేరేంటి తల్లీ?"

"మేరీ" అంది శివపార్వతి ముందే, మురిపెంగా.

ఊరుకుంటే సరిపోయేది. శౌరమ్మ ఊరుకోలేకపోయింది.

"కాదండీ. నా పేరు శౌరమ్మ."

శివపార్వతి మొహం పాలిపోయింది. "నిన్న అబద్ధం చెప్పావా?"

"చెప్పానమ్మా. నిన్న వాదించుకునే టైము లేదు."

ముసలాయన గోడవైపు తిరిగాడు. శివపార్వతి చాలాసేపు మొగుడి రొమ్ము లేచి పడడం చూస్తూ కూర్చుంది. తర్వాత అతని మోచెయ్యి దిండు మీద కదలకుండా పట్టుకుంది.

"పొడువమ్మా శౌరమ్మా" అంది. "కాస్త మెల్లగా."