పదిహేడో నంబరు

పదహారు కంప్యూటర్ల వీపులు తడిమి చూశాక ల్యాబ్ అటెండరు పదిహేడో దాని దగ్గర ఆగాడు. పసుపు గుడ్డతో దుమ్ము తుడిచి చెయ్యి ఆనించాడు. వెచ్చగానే ఉంది. పైన అతికించిన కాగితం మీద ఎర్ర అక్షరాలు వెలిసిపోయాయి: ‘ఆపవద్దు. లెక్క నడుస్తోంది.’

ఆ కాలేజీలో అదొక కట్టుబాటు. పరిశోధక విద్యార్థుల లెక్కలు రోజుల తరబడి నడుస్తాయి. ఆ కాగితం ఉంటే ప్రిన్సిపాల్ కూడా ముట్టుకోడు. దీన్ని అంటించిన అమ్మాయి ఆరేళ్ల కిందట, తల్లికి బాగాలేదని కబురొస్తే తెర ఆర్పేసి, "వారంలో వచ్చేస్తా బాబాయ్, కీబోర్డు ఎవర్నీ ముట్టుకోనివ్వకండి" అని వెళ్లింది. మళ్లీ రాలేదు.

అతను మాత్రం మాట తప్పలేదు. కరెంటు పోతే నిలబెట్టే బ్యాటరీని ఆఫీసు వెంటపడి రెండుసార్లు మార్పించాడు. భార్య పోయిన మూడో రోజున కూడా వచ్చి చెయ్యి ఆనించి వెళ్లాడు. పిల్లల్లేరు. ఇంట్లో వెచ్చగా ఉండేది పొయ్యి ఒక్కటే, అదీ ఒక్క పూటే. ఒంటరితనం అలవాటైపోయిందని అందరితో అనేవాడు గానీ, కాలేదు.

ఈ రోజుతో అతని ఉద్యోగం ఆఖరు. సాయంత్రం అయిదింటికి పాత కంప్యూటర్లను పట్టుకుపోయే బండి వస్తుంది. పదిహేడో నంబరును వదిలేయమని పొద్దున విభాగాధిపతిని కాళ్లావేళ్లా పడి బతిమాలాడు. అది నిజంగా నడుస్తోందని చూపిస్తే ఉంచుతానన్నాడాయన.

మధ్యాహ్నం చలిపిల్లను పట్టుకొచ్చాడు. ఏసీకి ఓర్చుకోలేక స్వెట్టరు మీద స్వెట్టరు తొడిగే పరిశోధక విద్యార్థినికి అతను పెట్టిన పేరది. ఆమె తెర వెలిగించి చాలాసేపు చూసింది.

"బాబాయ్, ఇది మూడో రోజే ఆగిపోయింది. ముప్పాతిక పైగా అయింది, మిగతాది కొనసాగించాలా అని అడిగి కూర్చుంది. ఒక్క మీట నొక్కితే చాలు."

"ఆరేళ్లుగా అడుగుతూనే ఉందా?"

ఆమె తలూపింది.

అతనికి నవ్వొచ్చింది, వెంటనే తన మీద తనకే ఒళ్లు మండింది. ఎవర్నీ దగ్గరికి రానివ్వకుండా కాపలా కాసింది తనే మరి. స్టూలు మీద కూలబడి కాసేపు చేతులకేసి చూసుకున్నాడు.

"మీరే నొక్కండి" అంది చలిపిల్ల.

వేలు గుడ్డకి తుడుచుకుని నొక్కాడు. లోపల ఫ్యాను హోరెత్తింది. తెర మీద అంకెలు కదిలాయి. రేపు పొద్దుటికి పూర్తవుతుందని ఆమె చెప్పింది. విభాగాధిపతి వచ్చి చూసి, సరే ఉండనివ్వమన్నాడు.

అయిదింటికి మిగతావన్నీ బండెక్కాయి. అతను ఖాళీ బల్లల మధ్య తాళాలు అప్పగించాడు. ఏమైందో రేపు చెబుతానంది చలిపిల్ల. అలాగేనన్నాడు. ఎలా చెబుతుందో ఆమె ఆలోచించలేదు, అతనికీ తోచలేదు. రోజూ వెళ్లినట్టే వెనక గేటు గుండా వెళ్లిపోయాడు.

తెల్లారేసరికి లెక్క తేలింది. ప్రోగ్రాము మొదట్లో రాసి ఉన్న ఈమెయిలుకు చలిపిల్ల ఫలితాలు పంపింది. పావుగంటలో జవాబొచ్చింది. చూసి ఏడ్చేశాననీ, మానేసిన పరిశోధన మళ్లీ మొదలుపెడతాననీ రాసిందా అమ్మాయి. చివర్న, "బాబాయ్‌కి ఒక్కసారి ఫోనివ్వరూ" అని అడిగింది.

చలిపిల్ల ఆఫీసుకు పరిగెత్తింది. అతని ఇల్లెక్కడో అక్కడ ఎవరికీ తెలియదు. ముప్పై ఏళ్లలో ఎవరూ అడగలేదు. రిజిస్టరులో ఒక నంబరు మాత్రం ఉంది. ఆశగా చేసింది.

వరండా అవతల, ఖాళీ ల్యాబులో బల్ల మీది ల్యాండ్‌లైను ఫోను మోగింది. దాని పక్కన నాలుగు మడతలు పెట్టిన పసుపు గుడ్డ ఉంది.